పొగతోటకు నర్సులను పంపే ఏజెన్సీలు: గిరాకీ లేని రోజుల్లో ఎంతవరకు నమ్మొచ్చు?

నెల్లూరు పొగతోటలో సందుకో ఆసుపత్రి, ఆసుపత్రికో మందుల షాపు. అక్కడ యూనిఫాంలో కనిపించే స్టాఫ్ నర్సులంతా ఆసుపత్రి సొంత మనుషులు కారు. కొందరిని మ్యాన్‌పవర్ ఏజెన్సీ పంపుతుంది. డ్యూటీ వేసేది ఇన్‌ఛార్జ్ సిస్టర్, జీతం వేసేది ఏజెన్సీ. ఒంగోలులోనూ ఇదే తీరు. ఈ సమీక్ష ఫలానా ఏజెన్సీ గురించి కాదు, ఆ సేవ నడిచే పద్ధతి గురించి. అది కూడా ఆసుపత్రి వైపు నుంచి కాదు, నర్సు వైపు నుంచి.

తీర్పు ముందే చెప్పేస్తాం. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ చేసి నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేతికొచ్చిన అమ్మాయికి మొదటి ఉద్యోగం త్వరగా దొరకాలంటే ఏజెన్సీ మంచి దారే. ఆ పనికి ఐదుకు నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. జీతం టైముకు పడే విషయంలో రెండు. పేషెంట్లు తగ్గినప్పుడు డ్యూటీలు నిలబెట్టే విషయంలో ఒకటి, అదీ మొహమాటానికి. ఈ ఒక్క మార్కు ఎందుకో అర్థం కావాలంటే ఆసుపత్రి మంచాలు ఎలా ఖాళీ అవుతాయో ముందు చూడాలి.

నెల్లూరు ప్రైవేటు ఆసుపత్రుల బిల్లుల్లో చాలా భాగం రొయ్యల గుంటల్లోంచీ వరి పొలాల్లోంచీ వచ్చే డబ్బే. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. మన రొయ్యకు పెద్ద కొనుగోలుదారు అమెరికాయే. కౌంట్ రేటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన కట్టే ధర) పడగానే అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు ఇళ్లలో వాయిదా పడేవి ఆగగలిగిన ఆపరేషన్లు: మోకీలు మార్పిడి, హెర్నియా, గర్భసంచి, పిత్తాశయంలో రాళ్లు. ఒంగోలు వైపు ఇదే పాత్ర పొగాకుది. 2025లో నల్లబర్లీ రకం పొగాకును అడిగే నాథుడు లేక ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా కొనాల్సి వచ్చింది. అలాంటి ఏడాది "పంట డబ్బులు రానీ, చూద్దాం" అనే మాట ఓపీ దగ్గరే వినబడుతుంది.

దీనికి తోడు వైద్యసేవ బకాయిలు. ఒకప్పటి ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ. కార్డు మీద వచ్చే పేషెంట్లతో నిండే ఆసుపత్రికి మంచాలు నిండినా గల్లాపెట్టె నిండదు, బిల్లులు విడుదల కావాలి. బకాయిలు పేరుకుపోయి 2025 అక్టోబరులో నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలే ఆపాయి. ఇలాంటప్పుడు ఆసుపత్రి ముందుగా ఆపేది ఏజెన్సీ బిల్లు. కరెంటు బిల్లు ఆపితే లైన్‌మన్ వస్తాడు, ఆక్సిజన్ బిల్లు ఆపితే సిలిండర్ రాదు. ఏజెన్సీ బిల్లు రెండు నెలలు ఆపినా నర్సులు డ్యూటీకి వస్తూనే ఉంటారు.

అయితే గిరాకీ అన్ని వార్డుల్లోనూ ఒకేలా తగ్గదు. కాన్పు ఆగదు. డెంగీ ఆగదు. పదహారో నంబరు జాతీయ రహదారి మీద యాక్సిడెంట్లు ఆగవు. డయాలసిస్ పేషెంటు వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు మెషిన్ మీద ఉండాల్సిందే, రొయ్య ధర ఎంతైనా సరే. కాబట్టి ఏజెన్సీ ఆఫీసులో "జీతం ఎంత" అని అడిగే ముందు "ఏ డిపార్ట్‌మెంటు" అని అడగాలి. ఆర్థో పోస్ట్‌ఆప్ వార్డు, ప్లాన్డ్ సర్జరీల ఆపరేషన్ థియేటర్, ఏసీ సింగిల్ రూములు ముందుగా ఖాళీ అయ్యే చోట్లు. డయాలసిస్, లేబర్ రూమ్, ఐసీయూ, పసిపిల్లల ఐసీయూ, క్యాజువాలిటీ చివరిదాకా నిలుస్తాయి. మూడు నాలుగు వందలు తక్కువైనా డయాలసిస్ యూనిట్‌లో చేరమనే చెబుతాం. అక్కడ చేయి తిరిగిన సిస్టర్‌ను వదులుకోవడం ఆసుపత్రికీ కష్టమే.

ఇప్పుడు రోస్టర్ దగ్గరికి వద్దాం. 30 మంచాల జనరల్ వార్డు, మంచాలన్నీ నిండి ఉన్నాయి. ఆరుగురు పేషెంట్లకు ఒక నర్సు లెక్కన షిఫ్టుకు ఐదుగురు. ఉదయం 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8, నైటు 8 నుంచి పొద్దున 8: మూడు షిఫ్టులకు 15 మంది. వారానికో ఆఫ్ ఇవ్వాలి కాబట్టి 15ని 7తో హెచ్చించి 6తో భాగిస్తే పదిహేడున్నర, అంటే 18. సెలవులకూ జబ్బులకూ ఇద్దరు ముగ్గురు కలిపితే 20. (ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఇంకా ఎక్కువ మందిని పెట్టమంటుంది: మామూలు ఆసుపత్రుల జనరల్ వార్డుల్లో ఐదుగురికి ఒకరు, పైన 30 శాతం లీవ్ రిజర్వు. ఆ లెక్క పాటించే చిన్న ఆసుపత్రిని చూపిస్తే వెళ్లి దండ వేసి వస్తాం.) ఈ 20 మందిలో 12 మంది సొంత రోల్స్ (ఆసుపత్రే నేరుగా జీతమిచ్చేవాళ్లు), 8 మంది ఏజెన్సీ అనుకుందాం.

పేషెంట్లు 16కి తగ్గారు. షిఫ్టుకు ముగ్గురు చాలు. మూడు షిఫ్టులకు 9, ఆఫ్‌లు కలిపితే 11. అంటే ఏజెన్సీ సిస్టర్లు ఎనిమిది మందీ అవసరం లేదు. ఏజెన్సీకి ఒక ఫోన్, "రేపటి నుంచి వద్దు" అనే ఒక మాట. నోటీసు లేదు, కాగితం లేదు. కథ ఇక్కడితో ఆగినా సొంత రోల్స్ వాళ్లకు గండం గడిచినట్టే. ఆగదు. మరో నెల ఇలాగే ఉంటే మేనేజ్‌మెంట్ మూడు షిఫ్టులను రెండు చేస్తుంది, 8 నుంచి 8. అప్పుడు రెండు షిఫ్టులకు ఆరుగురు, ఆఫ్‌లతో ఏడుగురు. పన్నెండు మందిలో ఐదుగురు మిగిలిపోతారు. వాళ్లను కూడా ఏజెన్సీ రోల్స్‌లోకి మారమంటారు. పని అదే, వార్డు అదే, చేతిలో పెట్టే అపాయింట్‌మెంట్ లెటర్ మాత్రం వేరు. ఈ "మారడం" దగ్గర చాలామంది బోల్తా పడతారు: పాత సర్వీసు అక్కడితో తెగుతుంది, కొత్త సర్వీసు సున్నా నుంచి మొదలవుతుంది.

రెండు షిఫ్టుల లెక్క గంటల్లో చూస్తే ఇంకా చేదు. రోజుకు 12, వారానికి ఆరు రోజులు, మొత్తం 72 గంటలు. హ్యాండోవర్‌కు పట్టే అరగంట అదనం, దాన్ని ఎవరూ లెక్కలో రాయరు. చట్టం గీసిన గీత వారానికి 48 గంటలు, ఆ పైన రెట్టింపు రేటు. నెలకు 15,000 జీతం తీసుకునే సిస్టర్‌కు 26 రోజులు, రోజుకు 8 గంటలు, అంటే 208 గంటలు. గంటకు 72 రూపాయలు చిల్లర. వారానికి 24 గంటలు ఎక్కువ చేస్తే నెలకు 104 గంటలు. రెట్టింపు రేటున లెక్క కడితే ఆ అదనపు గంటల సొమ్ము సరిగ్గా 15,000. ఇంకో జీతమన్నమాట. చేతికి వచ్చేది మాత్రం పాత జీతమే. "పేషెంట్లు లేరు కదమ్మా, కూర్చునే డ్యూటీయే కదా" అంటారు.

మరి ఏజెన్సీ నర్సు ఆసుపత్రికి చవకా? కాదు, ఖరీదే. 15,000 జీతం మీద పీఎఫ్ యజమాని వాటా, అడ్మిన్, బీమా అన్నీ కలిపి 13 శాతం, 1,950. ఈఎస్‌ఐ 3.25 శాతం, 488. మొత్తం 17,438. ఏజెన్సీ సర్వీసు ఛార్జీ 8 శాతం అనుకుంటే 1,395, కలిపితే 18,833. దాని మీద 18 శాతం జీఎస్టీ 3,390. బిల్లు 22,223. వైద్యసేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి కట్టిన ఈ పన్నును ఆసుపత్రి క్రెడిట్‌గా వెనక్కి తీసుకోలేదు. అటు సిస్టర్ చేతికి వచ్చేది 15,000లో తన పీఎఫ్ 1,800, ఈఎస్‌ఐ 113 పోగా 13,087. తొమ్మిది వేల పైచిలుకు తేడా. అంత ఎక్కువ కట్టి ఆసుపత్రి కొనేది ఆ "రేపటి నుంచి వద్దు" అనే మాటనే. ఇది తెలిశాక ఏజెన్సీవాళ్లు "సాలరీ పెంచడానికి ఆసుపత్రి ఒప్పుకోవడం లేదమ్మా" అంటే నవ్వొస్తుంది.

చేరేముందు మూడు నెలల పాత పేస్లిప్ ఒకటి అడిగి చూడండి, పేరు కొట్టేసి ఇచ్చినా ఫర్వాలేదు. కింద రెండు లైన్లు ఉంటాయి: లాస్ ఆఫ్ పే, ఎక్స్‌ట్రా డ్యూటీ. డ్యూటీకి రాని రోజుకు 577 కోసి, అదనంగా చేసిన డ్యూటీకి 500 ఇచ్చి ఉంటే సంగతి తేలిపోయినట్టే. కోతకు 26తో భాగిస్తున్నారు, చెల్లింపుకు 30తో భాగిస్తున్నారు. ఒకే కాగితంలో రెండు భాగహారాలు. గిరాకీ బాగున్నప్పుడు ఇది చిల్లర గొడవ. నెలకు ఆరేడు రోజులు "ఈరోజు రావద్దు, రేపు డబుల్ చెయ్" అనే కాలంలో తడిసి మోపెడవుతుంది. రెండిటికీ ఒకే భాగహారం అని ఆఫర్ లెటర్‌లో రాయించుకోవాలి. నోటిమాట చెల్లదు.

అదే స్లిప్పులో బేసిక్ ఎంతో చూడండి. 15,000లో బేసిక్ 6,000, మిగతాదంతా అలవెన్సులు అని ఉంటే పీఎఫ్ 6,000 మీదే కట్టి మిగుల్చుకుంటున్నారని అర్థం. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం వేతనంలోంచి మినహాయించే అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటకూడదు. దాటితే ఆ దాటినదాన్నీ వేతనంలోనే లెక్కించాలి. పీఎఫ్, ఈఎస్‌ఐ రెండూ మరుసటి నెల 15వ తేదీలోగా కట్టాలి. కాబట్టి ప్రతి నెలా 20 దాటాక యూఏఎన్‌కు (మీ పీఎఫ్ ఖాతా నంబరుకు) జతచేసిన ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే చివరిసారి ఎంత పడిందో మెసేజ్ వస్తుంది. స్లిప్పులో కోత ఉండి, మెసేజ్‌లో జమ లేకపోతే అది ఏజెన్సీ కుదేలవుతోందనడానికి మొదటి గుర్తు. జీతం ఆలస్యం కావడానికి నెలా రెండు నెలల ముందే ఇది బయటపడుతుంది.

జీతాలు ఆపి "ఆసుపత్రి మాకు ఇవ్వలేదు, మేమెక్కడ తెచ్చేది" అని ఏజెన్సీ అంటుంది. "మేం ఏజెన్సీకి ఇచ్చేశాం" అని ఆసుపత్రి అంటుంది. చట్టం లెక్క సూటిగా ఉంది: కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ఇవ్వాల్సింది పని చేయించుకున్న ప్రధాన యజమానే, అంటే ఆసుపత్రి. తర్వాత కాంట్రాక్టరు నుంచి వసూలు చేసుకోవడం వాళ్ల తంటా. ఏ ఆసుపత్రిలో, ఏ వార్డులో, ఏ తేదీల్లో డ్యూటీ చేశారో రుజువు ఉండాలి కాబట్టి నెలనెలా రోస్టర్‌కు ఫోటో తీసి పెట్టుకోండి. వాట్సాప్ గ్రూపులో వేసే రోస్టర్‌ను మేనేజ్‌మెంట్ డిలీట్ చేయగలదు. మీ గ్యాలరీలోది డిలీట్ చేయలేదు.

గంటలు తగ్గినప్పుడు చాలామంది చూడనిది రోజుల లెక్క. జీతం ఎంత తగ్గిందనేది అందరికీ కనబడుతుంది, రోజులు తగ్గడం వల్ల పోయే హక్కులు కనబడవు. ఈఎస్‌ఐలో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒక కాంట్రిబ్యూషన్ పీరియడ్, అక్టోబరు నుంచి మార్చి ఇంకొకటి. జబ్బు చేసి సెలవులో ఉంటే వచ్చే సొమ్ముకు సంబంధిత ఆరు నెలల్లో కనీసం 78 రోజుల జీతం మీద చందా పడి ఉండాలి. డ్యూటీకింత అని ఇచ్చే పద్ధతిలో నెలకు 12 డ్యూటీలే దొరికితే ఆరు నెలలకు 72. ఆరు రోజుల తేడాతో పోయింది. పైగా ఆ 12 డ్యూటీలూ పన్నెండేసి గంటలవైనా ఒక్కోటి ఒక్క రోజే. నెలకు 13 అయితే సరిగ్గా 78. కాబట్టి రోస్టర్ పడేటప్పుడు పోట్లాడాల్సింది ఆ పదమూడో డ్యూటీ కోసం. ప్రసూతి ప్రయోజనానికి లెక్క వేరు: అంతకు ముందటి రెండు పీరియడ్‌లు కలిపి 70 రోజులు చాలు, 26 వారాలు వస్తుంది. నెల తక్కువైనా అది సాధారణంగా చేజారదు.

ఇదే చిక్కు 240 రోజుల దగ్గరా వస్తుంది. ఏడాదిలో 240 రోజులు పనిచేసిన వాళ్లను తీసేయాలంటే నెల నోటీసో నెల జీతమో, పైన పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల జీతం. వారానికి నాలుగు పన్నెండు గంటల డ్యూటీలు చేసే సిస్టర్‌కు గంటలు 48 నిండుతాయి, రోజులు మాత్రం ఏడాదికి 208. నెల జీతం కింద ఉంటే భయం లేదు, జీతంతో కూడిన వారపు సెలవులను, పండగ సెలవులను ఆ 240లో కలపాలని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. డ్యూటీకింత పద్ధతిలో ఆ ఆసరా ఉండదు. "నెల జీతమా, డ్యూటీ రేటా?" అనేది అందుకే డబ్బు ప్రశ్న మాత్రమే కాదు. డ్యూటీ రేటు వింటానికి ఎక్కువగా ఉంటుంది. ఆ ఎక్కువ ఎక్కడి నుంచి వచ్చిందో పైన చూశారు.

ఆసుపత్రికి ఈ చట్టం వర్తించదని ఎవరైనా అంటే 1978 నాటి బెంగళూరు వాటర్ సప్లై కేసు గుర్తుచేయండి. ఆసుపత్రులు కూడా పరిశ్రమ కిందికి వస్తాయని ఏడుగురు జడ్జీల ధర్మాసనం తేల్చిన తీర్పు అది.

ఇక రాజీనామా లెటరు. పేషెంట్లు తగ్గిన నెలలో హెచ్‌ఆర్ పిలిచి మర్యాదగానే అంటారు: "వ్యక్తిగత కారణాలు అని రాసివ్వమ్మా, రేపు మళ్లీ తీసుకునేటప్పుడు మీకే మంచిది." రాయొద్దు. ఆ ఒక్క లైనుతో 15 రోజుల లెక్కన రావాల్సింది పోతుంది. ఈఎస్‌ఐలో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని ఒకటుంది. ఉపాధి పోయినవాళ్లకు సగటు రోజు సంపాదనలో సగం చొప్పున 90 రోజుల వరకు ఇస్తారు, జీవితంలో ఒక్కసారే. కనీసం రెండేళ్లు బీమా ఉన్న ఉద్యోగం చేసి ఉండాలి. పని పోయే ముందటి కాంట్రిబ్యూషన్ పీరియడ్‌లో 78 రోజులు, దానికి ముందున్న మూడింటిలో ఏదో ఒకదానిలో 78 రోజులు పడి ఉండాలి. మళ్లీ అదే 78. పథకం 2018లో మొదలై గడువు పొడిగింపుల మీద నడుస్తోంది కాబట్టి దరఖాస్తు పెట్టే రోజుకు అమల్లో ఉందో లేదో డిస్పెన్సరీలో కనుక్కోండి. తనంతట తానే మానేసిందని ఆన్‌లైన్‌లో నమోదైతే ఇక్కడా గోరుచుట్టుపై రోకటిపోటే. రాయక తప్పని పరిస్థితి వస్తే కారణం "పేషెంట్లు లేనందున మేనేజ్‌మెంట్ సూచన మేరకు" అని రాసి, కాపీ మీద స్టాంపు వేయించుకోవాలి. స్టాంపు వేయకపోతే అదే లెటరును రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

జీతం ఎంత ఉండాలనేదానికి ఒక కొలత ఉంది, ఏజెన్సీ ఆఫీసులో దాని ఊసెత్తరు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ ఇలా సిఫారసు చేసింది: 200 మంచాలు దాటిన ఆసుపత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానం, 100 దాటితే అంతకన్నా 10 శాతానికి మించి తగ్గకూడదు, 50 నుంచి 100 అయితే 25 శాతానికి మించి తగ్గకూడదు, 50 లోపు అయినా కనీసం 20,000. సిఫారసే, అమలు రాష్ట్రాల చేతిలో ఉంది. పొగతోటలో 50 మంచాల లోపు ఆసుపత్రులకు కొదవ లేదు. పైన మనం వాడిన 15,000ను ఆ 20,000 పక్కన పెట్టి చూసుకోండి.

హోమ్ నర్సింగ్ బ్యూరోల గురించి రెండు ముక్కలు చాలు. పిల్లలు విదేశాల్లో ఉన్న పెద్దవాళ్ల ఇళ్లకు పంపుతారు. ఆసుపత్రులు ఖాళీ అయిన నెలల్లో పని దొరికేది ఇక్కడే. పీఎఫ్, ఈఎస్‌ఐ ఆశ పెట్టుకోవద్దు. పేషెంటు పోయిన రోజే పని పోతుంది. 24 గంటల డ్యూటీ అంటే పడుకోవడానికి విడిగా చోటు, ఆరు గంటల నిద్ర అని ముందే మాట్లాడుకోవాలి. అన్నింటికన్నా ముఖ్యం, రిజిస్ట్రేషన్ ఉన్న నర్సునూ, నెల ట్రైనింగ్ ఇచ్చిన అటెండరునూ ఒకే యూనిఫాంలో పంపే బ్యూరోకు దూరంగా ఉండండి. ఇంజెక్షన్ వికటిస్తే పోలీసులు మొదట అడిగేది కౌన్సిల్ నంబరు ఎవరిదనే.

ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకునే ఏజెన్సీ అయితే అక్కడే లేచి వచ్చేయండి. బాండూ ఖాళీ చెక్కూ అడిగినా అంతే. గిరాకీ ఉన్నప్పుడు పారిపోకుండా పట్టుకోవడానికి పెట్టిన బాండు, గిరాకీ లేనప్పుడు పొమ్మనడానికి మాత్రం అడ్డు రాదు. విదేశాలకు పంపుతామనే బోర్డు కూడా అదే గుమ్మానికి ఉంటే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో లైసెన్సు చూడండి. లైసెన్సున్న ఏజెంటు అభ్యర్థి దగ్గర తీసుకోదగిన గరిష్ఠ ఫీజు 30,000, దానిపై జీఎస్టీ.

విదేశం ఆలోచన ఉన్నవాళ్లు అనుభవ పత్రం ఎవరి పేరు మీద వస్తుందో మొదటిరోజే తేల్చుకోవాలి. ఏజెన్సీ లెటర్‌హెడ్ మీద "మా సంస్థలో స్టాఫ్ నర్సుగా" అని ఇస్తే గల్ఫ్ లైసెన్సు కోసం జరిగే డేటాఫ్లో తనిఖీలో చిక్కులొస్తాయి. సర్టిఫికెట్లు తనిఖీ చేసే ఆ డేటాఫ్లో సంస్థవాళ్లు పత్రం ఇచ్చిన చోటుకే రాసి నిర్ధారించుకుంటారు. అప్పటికి ఆ ఏజెన్సీ షట్టర్ దించేసి ఉంటే జవాబిచ్చేవాళ్లుండరు, చేసిన రెండేళ్ల నైట్లూ లెక్కలోకి రావు. ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద, మంచాల సంఖ్య, పనిచేసిన వార్డు, చేరిన తేదీ, మానిన తేదీ, నర్సింగ్ సూపరింటెండెంట్ సంతకంతో తీసుకోవాలి. మానేశాక అడిగితే తిప్పుతారు. డ్యూటీలో ఉండగానే, వార్డు నిండుగా ఉన్న నెల చూసి అడగండి.